పడమటి గోడకు సున్నం వేశారు

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. ఇది ముందే చెప్పుకోవాలి. లేకపోతే కింద రాసింది చదివాక, ఇతనికి మొదటి నుంచీ ఈ పిచ్చి ఉందేమో అనుకుంటారు.

మా కొత్తవాడలో ఎవరింట్లో అటక మీద చప్పుడైనా నన్నే పిలుస్తారు. నిచ్చెన వేసుకొని ఎక్కి, పందికొక్కు బొరియ చూపించి దిగుతాను. పక్కింటి రాజవ్వ గోడ మీద ప్రతి వానాకాలం ఒక ముసలామె మొహం కనబడేది. అది గోడ లోపలి ఉప్పు ఊరి పైకి తేలిన మచ్చ అని పుస్తకంలో చదివి చెప్పాను. ఆమె నమ్మకపోతే కత్తి తీసుకొని గోకి చూపించాను.

"మా అత్త మొహం గోకేసినవ్ గదరా, నీ చేతులు ఇరగ!" అని ఆమె చాలా రోజులు తిట్టింది. తిట్టనీ అనుకున్నాను. చదువుకున్నవాడికి ఆపాటి తిట్లు తప్పవని నా ధీమా.

బడిలో నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మగ్గం దిగిన జంపఖానాలకు అంచు కుచ్చులు ముడివేయడం నా పని. పని అయిపోగానే గ్రంథాలయానికి పోతాను. అక్కడ మూలన ఫ్యాను కింది బల్ల నాదని అందరికీ తెలుసు. మొదట పేపర్లు చదివేవాణ్ణి, తర్వాత చరిత్ర, ఆ తర్వాత పాత కట్టడాల గురించి దొరికిందల్లా. సున్నాన్ని గానుగలో ఎట్లా నూరేవారు, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ ఎందుకు కలిపేవారు, గుడి కింద ఇసుక పునాది ఏం పని చేస్తుంది, అన్నీ నేర్చుకున్నాను. కోటకు పోతే తోరణాల ముందు ఫొటోలు దిగేవాళ్ల పక్కన నిలబడి, వాళ్లు అడగకపోయినా చెప్పేవాణ్ణి.

దామోదర్ సారు పరిచయమైంది ఆ బల్ల దగ్గరే. చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. నా ముందున్న పుస్తకం చూసి, ఇంత లావు పుస్తకం ఎందుకు చదువుతున్నావని అడిగారు. చెప్పాను. మర్నాడు తన ఇంట్లోంచి రెండు పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. అప్పటి నుంచి చాలా ఏళ్లు ఆయన ఇవ్వడం, నేను చదివి తిరిగివ్వడం. ఒకసారి నలుగురి ముందు, "మా సదానందం చదివినంత నా స్టూడెంట్లు కూడ చదవలే" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానంటే, చివరికి ఆమె నాకంటే ముందే ఆ వాక్యం పూర్తి చేసేది.

ఇక కార్ఖానా సంగతి. మా వాడ చివర డంగు సున్నంతో కట్టిన పొడుగాటి హాలు ఉండేది. రంగుల కార్ఖానా అనేవాళ్లం. ఒకప్పుడు వాడ మొత్తానికి నూలు అద్దింది అక్కడే. నేలలో వరుసగా పొయ్యిలు, వాటి మీద రాగి గంగాళాలు. అద్దకం ఆగిపోయి చాలాకాలమైంది. గంగాళాలు ఎప్పుడో పోయాయి, బావి పూడ్చేశారు, నల్లా కూడా తీసేశారు. హాలు మాత్రం చేనేత సంఘం పేరు మీద అట్లాగే నిలబడి ఉంది.

ఆ కార్ఖానాకు ఒక ఆచారం ఉండేది. పని నేర్చుకున్న మనిషికి సొంతంగా ఒక గంగాళం అప్పగించిన రోజున, గోరువెచ్చగా చల్లారిన రంగులో కుడి చెయ్యి ముంచి పడమటి గోడ మీద అద్దాలి. ఆ రోజు నుంచి అతను మేస్త్రీ. పేర్లు రాసేవాళ్లు కాదు. ఎవరి చెయ్యి ఏదో వాళ్ల ఇంటివాళ్లకు తెలుసు. అందుకే పండక్కి మూడు గోడలకు సున్నం వేసినా పడమటి గోడను ముట్టుకునేవాళ్లు కాదు.

కిటికీ పక్కన, కాస్త కిందుగా, మా నాయన చెయ్యి ఉండేది. ఎర్రది. చిటికెన వేలు మిగతావాటికి దూరంగా పక్కకు పోయి ఉంటుంది. చిన్నప్పుడు విరిగితే కట్టు సరిగ్గా కట్టలేదట. నేను అమ్మ ఒళ్లో ఉండగానే ఆయన పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్లి ఫొటోలో ఆయన మొహం దగ్గరే చెద తిన్నది. అందుకని అమ్మ నన్ను కార్ఖానాకు తీసుకుపోయి, నా చెయ్యిని ఆ చెయ్యి మీద పెట్టించేది. ఏటేటా నా చెయ్యి దానికి దగ్గరవుతూ వచ్చింది. ఇప్పుడు నాదే పెద్దది.

ఆ హాలు కూలగొట్టి దుకాణాల కాంప్లెక్స్ కట్టాలని ప్రతిపాదన వచ్చింది. పాత కట్టడం కాబట్టి కూల్చే ముందు ఒక కమిటీ వచ్చి చూడాలి. కాపాడదగినదని వాళ్లు రాస్తే ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఆ కమిటీలో చరిత్ర తెలిసిన సభ్యుడు దామోదర్ సారు. స్థానిక సభ్యుడిగా ఆయన నా పేరు చెప్పారు. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను.

సారును తీసుకుపోయి గోడ చూపించాను. నాయన చెయ్యి ఏదో కూడా చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని చాలాసేపు చూశారు. ఫోనుతో ఫొటో తీసుకున్నారు.

"ఇది సంతకం, సదానందం. సదువురానోళ్లు పెట్టిన సంతకాలు ఇవన్ని. దీన్ని ఎవ్వలు ముట్టకుంట నేను చూస్త" అన్నారు.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు నేను నెక్కొండలో పెళ్లికి పోయాను. తిరిగొచ్చేసరికి సంఘం పెద్దమనిషి ఐలయ్య కాక కార్ఖానా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నెత్తి మీద, మీసాల మీద సున్నం చుక్కలు. మొహం వెలిగిపోతోంది.

"జర లోపలికి వచ్చి చూడు బిడ్డా, ఎట్ల మెరుస్తాందో!"

లోపలికి పోయాను. నాలుగు గోడలూ తెల్లగా ఉన్నాయి.

"కాకా, పడమటి గోడ..."

"సార్లు వస్తాండ్రంటే గోడ గట్ల మరకలు మరకలు ఉంచుతమా? ఇజ్జత్ పోదా? చేతులు పెట్టినోళ్లు మనకు ఎరుకే గదా, యాడికి పోతరు, సున్నం కిందనే ఉంటరు. మీ నాయినదే మొండిది, రెండు పూతలు పట్టింది."

ఆయన నా కార్డుకు మర్యాదగా, కమిటీ ముందు నాకు మాట రాకూడదని, ఆ వయసులో తనే నిచ్చెన ఎక్కి వేశాడు. నేను బయటికొచ్చి దామోదర్ సారుకు ఫోన్ చేశాను. నా గొంతు విని ఆయన వెంటనే స్కూటర్ మీద వచ్చారు.

మధ్యాహ్నం ఎండ మండుతోంది. సున్నం ఎప్పుడో ఆరిపోయింది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. సున్నపు పూతను వెదురు చెక్కతో మెల్లగా గీకితే కింది బొమ్మ చెడకుండా బయటపడుతుందని నేను చదివి ఉన్నాను. ఒక మూల నుంచి మొదలుపెట్టాను. హాలులో మేమిద్దరమే ఉన్నాం.

మొదట చూసింది నేను కాదు. సారు. ఈ విషయం ఎవరడిగినా ఇట్లాగే చెప్తాను.

"సదానందం, ఇటు చూడు" అన్నారు. ఆ గొంతు ఆయనది లాగా లేదు.

కిటికీ పక్కన, కాస్త కిందుగా, తెల్ల సున్నం మీద లేత గులాబీ మచ్చ ఒకటి. చూస్తుండగానే అది ముదిరింది. తడి గుడ్డ మీద రంగు పాకినట్టు అరచెయ్యి వచ్చింది, తర్వాత వేళ్లు. చివరగా చిటికెన వేలు, పక్కకు దూరంగా. చెయ్యి అడుగు నుంచి ఒక బొట్టు కారి, గోడ వెంట కొంత దూరం వచ్చి ఆగింది. మిగతా చేతులేవీ పైకి రాలేదు. అదొక్కటే.

వాసన కూడా వచ్చింది. పటిక, కాగిన రంగు, తడి నూలు కలిసిన వాసన. ఎన్నేళ్ల కిందో ఆ హాలు విడిచిపోయిన వాసన అది.

ఆ క్షణంలో కూడా నేను పుస్తకాలే వెతుక్కున్నాను. పాత రంగు కొత్త సున్నం గుండా పైకి రావచ్చు, ఎక్కడో చదివాను. కానీ అది సున్నం తడిగా ఉన్నప్పుడు జరగాలి. వచ్చినా మరకలా వస్తుంది, బొట్టుగా కారదు. ఇవన్నీ అనుకుంటూనే చెయ్యి పెట్టాను, చిన్నప్పుడు పెట్టినట్టే.

గోరువెచ్చగా ఉంది.

చెయ్యి తీస్తే ఎర్రగా తడి. సారు వైపు చాపాను. ఆయన నా చెయ్యి చూసి, తను కూడా ముందుకొచ్చి అరచెయ్యి గోడకు ఆనించారు. తీసి చూసుకున్నారు. ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. నా భుజం మీది తెల్ల తువ్వాల ఒక కొస ఆయన లాక్కొని తుడుచుకున్నారు. రెండో కొసకు నేను తుడుచుకున్నాను.

బయటికొచ్చాక చెట్టు నీడలో నిలబడి ఆయన అన్న మాట ఇది: "ఇది మన ఇద్దరి మధ్యనే ఉండాలె. బయట చెప్తే పిచ్చోళ్లంటరు. ఫైలు ఆగమైతది."

నేను తలూపాను. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. నాయన చెయ్యి పోలేదు, పైగా సారు చూశారు. నా ఒక్కడి కళ్లే అయితే నేనే నమ్మేవాణ్ణి కాదు.

మర్నాడు పొద్దున్నే కాక దగ్గర తాళంచెవి తీసుకొని పోయాను. గోడ తెల్లగా ఉంది. చెయ్యి లేదు, బొట్టు కారిన జాడ లేదు. నేను గీకిన మూల మాత్రం గీకినట్టే ఉంది.

గీకడం మళ్లీ మొదలుపెట్టేలోపే కమిటీ వచ్చింది. హాలులోనే ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. నేను కార్ఖానా కథంతా చెప్పాను, చదివినదంతా చెప్పాను. సున్నం కింద ఏముందో చెప్పి, మెల్లగా తీయడానికి గడువు అడిగాను. అధ్యక్షుడు శ్రద్ధగానే విన్నాడు. తర్వాత దామోదర్ సారు లేచి తన నివేదిక చదివారు. మొదట చరిత్ర. అది నేను చెప్పిందే, నా వాక్యాలే. వింటూ మురిసిపోయాను. ఆ తర్వాత ఆయన గొంతు మార్చకుండానే, పడమటి గోడలో తీవ్రమైన తేమ ఉందని, పునాది నుంచి నీరు ఎగదన్నుతోందని, స్థానిక సభ్యుడు కూడా స్వయంగా తాకి చూశాడని, కట్టడం నిలిచే స్థితిలో లేదని చదివారు.

నాకు మొదట అర్థం కాలేదు. వేరే గోడ గురించి చదువుతున్నారనుకున్నాను.

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "తడి చూసింది నిజమేనా, సదానందం గారూ?"

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. గోడ ఎదురుగానే పొడిగా ఉంది. కానీ నా నోట అబద్ధం రాలేదు.

"నిజమే సార్. కాని అది నీళ్లు కాదు."

"మరేంది?"

"రంగు."

"ఏ రంగు?"

"ఎరుపు. మా నాయిన చెయ్యి."

వెనక కుర్చీలో ఎవరో నవ్వారు. ఇంకొకాయన మర్యాదగానే, "రంగైనా తడి ఉంటెనే గదన్నా కారేది?" అన్నాడు.

"దామోదర్ సారు నాకన్న ముందు చూసిండు. ముట్టిండు కూడ. అడుగుండ్రి" అన్నాను.

సారు కాగితాలు సర్దుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"నేను చూసింది తేమనే. ఆ గోడ మీద వాళ్ల నాయిన గుర్తు ఉండె. సెంటిమెంటు. పాపం" అన్నారు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను చాలా మాటలు అన్నారు, అన్నీ మెచ్చుకోళ్లే. ఆ "పాపం" ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బయటికి రాగానే ఐలయ్య కాక ఎదురొచ్చాడు. "ఏమన్నరు బిడ్డా? గోడ సాఫ్ ఉన్నదన్నరా?" అని ఆశగా అడిగాడు. అన్నారు కాకా అని చెప్పి ముందుకు నడిచాను.

కూల్చడానికి అనుమతి వచ్చింది. వాడలో మాట ఎట్లా పాకిందంటే, తేమ ఉందని చెప్పింది నేనే, నా వల్లనే కార్ఖానా పోయింది. రాజవ్వ గుమ్మంలో కూర్చొని వినబడేలా అంది: "నాడు మా అత్త మొహం గీకిండు. ఇయ్యాల వాళ్ల నాయిననే కూలగొట్టిచ్చిండు. ఇంక సదువు కొడుకా, సదువు."

జేసీబీ వచ్చిన రోజు కాక, నేను పక్కపక్కన నిలబడ్డాం. పడమటి గోడ ఆఖరున పడింది. కిటికీ పక్క పెళ్లలు ఎక్కడెక్కడ పడ్డాయో కన్ను తిప్పకుండా చూసి, గుర్తుపట్టినన్ని ఏరి గంపలో ఇంటికి తెచ్చుకున్నాను. వెదురు చెక్కతో గీకాను. కాక వేసిన సున్నం రాలింది. దాని కింద పాత గచ్చు. అంతే. ఏ పెళ్ల మీదా ఎరుపు లేదు. నాయనదే కాదు, ఎవరి చెయ్యీ లేదు.

కాకను అడిగాను. "నేను సున్నం కొట్టంగ అన్ని చేతులు కనబడ్డయి బిడ్డా. ఒక్కొక్కల పేరు తలుసుకుంట కొట్టిన" అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

ఇంకొకటి. పునాది తవ్వినప్పుడు రోజూ పోయి చూశాను. మొరం, దాని కింద రాయి. గుంతంతా ఎండిపోయి ఉంది. ఎగదన్నే నీళ్ల జాడ ఎక్కడా లేదు. కాంక్రీటు కలపడానికి ట్యాంకర్ తెప్పించారు. "ఈడ నీళ్లెక్కడియే అన్నా, బోరేసినా దుమ్మే లేస్తది" అన్నాడు తవ్వేవాడు.

అప్పుడు ఎగిరి గంతేయాలనిపించింది. సారు రాసింది అబద్ధమని రుజువైంది. పరుగున పోయి అందరికీ చెప్పాలని రెండడుగులు వేసి ఆగిపోయాను. అక్కడ చుక్క నీళ్లు లేకపోతే, నా చేతికి అంటింది ఏమిటి? నన్ను అదే అడుగుతారు. ఆయన అబద్ధం చెప్పారని నేను నిరూపిస్తే నా నిజం కూడా అబద్ధమవుతుంది. అట్లా ఇరికించడం ఆయన తెలిసి చేశారో, అట్లా కలిసొచ్చిందో తెలియదు.

శంకుస్థాపన నాడు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కాంప్లెక్స్ పై అంతస్తులో కొత్తవాడ వారసత్వ గ్యాలరీ వస్తుందట. గౌరవ సలహాదారుగా దామోదర్ సారు ఫొటో. గ్యాలరీకి గుర్తుగా మధ్యలో ఒక ఎర్ర చెయ్యి. చూడగానే పోల్చుకున్నాను. ఆ రోజు సారు ఫోనుతో తీసిన ఫొటోలోదే. అరచేతి మీది గీతలు అవే. కానీ చిటికెన వేలు మిగతా వేళ్ల పక్కన చక్కగా ఆనుకొని ఉంది. అందం కోసం సరిచేసినట్టున్నారు.

చాలా రోజులు గ్రంథాలయానికి పోలేదు. పోకుండా ఎన్నాళ్లు ఉండగలను? మళ్లీ పోయినప్పుడు సారు నా బల్లకు ఎదురుగా కూర్చొని ఉన్నారు. చిక్కిపోయినట్టు అనిపించారు. నేను ఇంకో కుర్చీ చూసుకొని కూర్చున్నాను. పేపరు చదివి లేచి పోతూ ఆయన నా పక్కన ఆగారు. గోడ గురించి ఏమన్నా అంటారేమోనని ఎదురుచూశాను. క్షమించమని అడిగినా నేను ఏం చేసేవాణ్ణో తెలియదు.

"ఆ తువ్వాల ఉతికినవా, సదానందం?" అన్నారు, ఎవరికీ వినబడకుండా.

"ఉతికిన సార్."

"పోయిందా?"

"పోలే."

ఆయన కుడి చెయ్యి తిప్పి అరచెయ్యి చూసుకున్నారు. అక్కడేమీ లేదు, నేను కూడా చూశాను. తర్వాత చెప్పులు వేసుకొని వెళ్లిపోయారు.

ఆ గోడ మీద జరిగింది ఏమిటో ఇప్పటికీ నేను చెప్పలేను. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంకా చదువుతున్నాను, ఏ పుస్తకంలోనూ దానికి దారి దొరకలేదు. దయ్యమని అనలేను, ఆ మాట నా నోట రాదు. తువ్వాలను మా ఆవిడ చాకిరేవు సబ్బుతో రుద్దింది, సోడాలో ఉడికించింది, ఎండలో వేసింది. బట్ట చీకిపోతోంది కానీ రంగు దిగలేదు. ఒక కొసన నా చెయ్యి తుడుచుకున్న మరక ఉంది. రెండో కొసన ఉన్నది ఆయనది.